పదకొండు బిందెలు

నాగేంద్రబాబు కాలవగట్టు కింద నరికిన తుమ్మకంపని ఈడ్చుకొచ్చి గుమ్మం పక్కన పడేశాడు. చేతిలో దిగిన ముల్లు పీక్కుంటూ అక్కడే నిలబడ్డాడు కానీ పెళ్ళాం మొహంలోకి మాత్రం చూడలేదు.

సుమతి గడప మీద కూర్చుని ఉంది. పొద్దున ఏడింటికి కూర్చున్న మనిషి పది దాటినా లేవలేదు. లోపలి సామాను బయటికి రావాలంటే ఆమె లేవాలి. ఆ సంగతి ఆమెకీ తెలుసు, లోపల మూటల మధ్య కూర్చున్న అత్త తాతమ్మకీ తెలుసు.

"గడప మీద కూర్చోకూడదని నీకెవరూ చెప్పలేదా?" అంది ఆడపడుచు నాగమల్లేశ్వరి.

"చెప్పారు వదినా. మా అమ్మా చెప్పింది, మీ అమ్మా చెప్పింది. కూర్చుంటే దరిద్రం అంట. లేస్తే ఇల్లే పోతుంది. రెంటిలో ఏది మేలో నువ్వు చెప్పు."

నాగమల్లేశ్వరి ఇంకో మూట ముడి బిగించింది. తండ్రి పోయాడని గుడివాడ నుంచి వచ్చిన మనిషి, పదమూడు రోజులుగా ఏడ్చి, వండి, వడ్డించి అలిసిపోయి ఉంది. ఆమెకి ఈ తగువు తొందరగా తేలితే చాలు. నిన్న పెద్దకర్మ అయిపోయింది. ఇవాళ పన్నెండూ పదికి వర్జ్యం. ఈలోపు అందరూ గడప దాటి, గుమ్మానికి తాళం వేసి, తాళం మీద ముళ్ళకంప అడ్డం పెట్టాలి. ఆరు నెలలు ఆ కంప తియ్యకూడదు, పొయ్యి రాజెయ్యకూడదు, లోపల ఎవరూ పడుకోకూడదు. సుమతి మావ గంగన్న ధనిష్ఠా నక్షత్రంలో పోయాడు మరి. ధనిష్ఠలో ప్రాణం పోయిన ఇంటిని పాడుపెట్టాలి, లేకపోతే ఆ ఇంట్లో ఇంకొక ప్రాణం పోతుంది. ఇది ఈవేళ పుట్టిన మాట కాదు. మొవ్వలో సిద్ధాంతి గారు ఫోనులోనే వేళ అడిగి, లెక్క చూసి, ఖాయం చేశారు.

"గదులున్నవాళ్ళయితే ఆయన పోయిన గది ఒక్కటీ మూసుకుంటే సరిపోతుందమ్మా" అని కూడా ఆయన దయగా చెప్పారట. గదులున్నవాళ్ళకి ధనిష్ఠ కూడా కొంచెం వెసులుబాటు ఇస్తుందన్నమాట. ఈ ఇంటికి ఉన్నదే ఒక గది. ముందు రేకుల పంచ, వెనకాల తడికెల స్నానాలదొడ్డి. ఆ ఒక్క గదిలోనే గంగన్న మంచం, తాతమ్మ చాప, సుమతి పొయ్యి, పదో తరగతి చదువుతున్న హర్షిణి పుస్తకాలు. ఏది మూస్తారు, ఏది తెరుస్తారు?

సుమతి వీధి మొదటికేసి చూసింది. ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఇటు నుంచి లెక్కపెడితే తొమ్మిదో ఇంటి ముందు ఉంది.

ఆ కుర్చీ ఇళ్ళ పట్టాల సర్వేకి వచ్చిన సత్యానందం గారిది. ఆయనదంటే ఆయనది కాదు, గట్టు మొదట్లో టీ కొట్టువాళ్ళది. నిన్నటి నుంచి గట్టువాళ్ళే దాన్ని ఒక ఇంటి ముందు నుంచి ఇంకొక ఇంటి ముందుకి మోసుకొస్తున్నారు. ఆయన అందులో కూర్చుని, మెళ్ళో వేలాడే వేలిముద్రల మెషిన్‌ని ఒళ్ళో పెట్టుకుని, ఇంటి ఆడమనిషిని గుమ్మంలో నిలబెట్టి ఫోటో తీసుకుంటున్నాడు. కరెంటు బిల్లు చూపిస్తే చాలదు, ఇల్లు చూపిస్తే చాలదు. పొయ్యి వెలుగుతూ మనుషులు ఉంటున్న ఇల్లే లెక్కలోకి వస్తుంది. పోర్టు పనులు మొదలైన దగ్గర్నుంచీ బందరు ఈ వైపుకే పెరుగుతోంది. నిన్నమొన్నటిదాకా రొయ్యపొట్టు ఆరబోసుకున్న గట్టు పక్కన ఇప్పుడు రంగుల బోర్డులు లేచాయి. ఈ సర్వేలో పేరెక్కినవాళ్ళకి ఇక్కడే పట్టా ఇస్తారు, లేదా ఇంకోచోట స్థలం చూపిస్తారు. ఎక్కనివాళ్ళు ఈ గట్టు మీద ఎన్నేళ్ళు బతికినా బతకనట్టే లెక్క. పేరు ఒకసారి ఎక్కితే సరిపోదు కూడా. ఆరు నెలల్లో రెండుసార్లు చెప్పకుండా వచ్చి చూస్తారట. తాళం కనబడితే గీత కొట్టేస్తారు.

కుర్చీ ఎనిమిదో ఇంటి ముందుకి జరిగింది.

"అత్తా, ఒక్కమాట విను" అంది సుమతి లోపలికి తిరిగి. "మీరందరూ వెళ్ళండి. హర్షిణిని కూడా తీసుకెళ్ళండి. నేనొక్కదాన్నే ఉంటాను. పోతే నేనే పోతాను."

తాతమ్మ ముక్కుపుడక తీసేసిన చోట వేలితో రాసుకుంటూ కూర్చుంది. పదమూడు రోజుల్లో ఆవిడ పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండదు. అలాగని ఆవిడ మెతక మనిషి కాదు. ఈ ఇల్లు లేచిందే ఆవిడ ఎండుచేపల గంప మీద. మొగుడు వేటకెళ్ళి తెచ్చింది తిండికీ వలకీ సరిపోయేది. ఆవిడ ఊళ్ళో గంప తిప్పి తెచ్చినదాంతో ఒక ఏడు పునాది, ఒక ఏడు నడుమెత్తు గోడ, ఇంకో రెండేళ్ళకి పైన రేకులు పడ్డాయి. కరెంటు మీటరు ఆవిడ పేరు మీదే ఉంది. అందుకే సత్యానందం గారికి కావలసిన వేలిముద్ర కూడా ఆవిడదే.

"నువ్వు పోతే ఆ పిల్లకి తల్లెవరు?" అంది తాతమ్మ చివరికి.

"ఇల్లు పోతే ఆ పిల్లకి ఏం మిగులుతుంది?"

"ప్రాణం మిగులుతుంది. ఇల్లు పోయినా బతికినవాళ్ళం మేము. ప్రాణం పోయాక ఇల్లేం చేసుకుంటావు?"

ఆ మాట వెనక ఉన్న కథ ఇంట్లో అందరికీ తెలుసు. తాతమ్మ కొత్తకోడలిగా దీవిలో ఉన్నప్పుడు, ఉప్పెన వచ్చిన ఏడే, ఆవిడ మావగారు ఇలాంటి చెడ్డ నక్షత్రంలోనే పోయారు. ఇల్లు పాడుపెట్టమని పెద్దలు చెప్పారు. ఉన్నది ఒక పాక, దాన్ని మూసి ఎక్కడికి పోతామని గంగన్న వినలేదు. నాలుగు నెలలకి ఉప్పెన వచ్చింది. తాటిచెట్టు పట్టుకుని తెల్లవార్లూ వేలాడిన తాతమ్మ చంకలోంచి ఏడాదిన్నర పిల్లాడు జారిపోయాడు. వాడు నాగేంద్రబాబుకి అన్న. వాడి పేరు ఆ ఇంట్లో ఎవరూ పైకి అనరు.

గంగన్న ఉన్నన్నాళ్ళూ ఈ విషయంలో పెళ్ళాంతో ఒప్పుకోలేదు. "దీవంతా మునిగింది కదే పిచ్చిదానా, అందరి ఇళ్ళల్లోనూ ధనిష్ఠే ఉందా?" అనేవాడు.  ఇప్పుడు ఆ మాట అనడానికి గంగన్న లేడు. సుమతి అనగలదు, నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ పిల్లాణ్ణి పోగొట్టుకున్న తల్లితో ఆ వాదం పెట్టుకోవడానికి ఆమెకి నోరు రాలేదు.

వీధి చివర ఆటో హారన్ మోగింది. నాగభూషణరావు గారు పంపిన ఆటో అది.

నాగభూషణరావుకి పోర్టు రోడ్డులో కొత్తగా కట్టిన మూడంతస్తుల బిల్డింగు ఉంది. గంగన్న పోయిన మూడోనాడే పలకరించడానికి వచ్చి, సంగతి విని, పైన ఒక గది ఖాళీగా ఉంది, ఆరు నెలలు వాడుకోండి, అద్దె మాట ఎత్తొద్దు అన్నాడు. నాగేంద్రబాబు రెండు చేతులూ జోడించాడు. నాగమల్లేశ్వరి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఊరకే రారు మహానుభావులు అని సుమతి మాత్రం అనుకుంది. పోయినేడు గట్టు చివర ఒక కుటుంబం రొయ్యల చెరువుల మీద పనికని ఇల్లు మూసి వెళ్ళింది. నాలుగు నెలలకి తిరిగొస్తే వాళ్ళ గుమ్మం ముందు సిమెంటు స్తంభాలు పాతి ఉన్నాయి. అవి ఎవరివని అడిగితే గట్టు మీద ఎవరూ చెప్పలేదు. ఆ స్తంభాలు దింపిన ట్రాక్టరు ఎవరిదో మాత్రం అందరూ చూశారు.

ఈ మాట మొన్న మొగుడితో అంటే అతను విసుక్కున్నాడు. "సాయం చేసేవాడిలో కూడా నీకు దొంగే కనబడతాడు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మని చూస్తున్నావుగా. రేపు హర్షిణికి జలుబు చేసినా ఆవిడ గుండె ఆగిపోతుంది. నేను వేటకెళ్తే పది రోజులు సముద్రం మీద ఉంటాను. ఇక్కడ ఏమవుతుందోనని అక్కడ నేను వల వెయ్యలేను" అన్నాడు. అందులో అబద్ధం లేదు. అందుకే సుమతి కోపం కూడా సగంలో ఆగిపోయింది.

కుర్చీ ఆరో ఇంటి ముందుకి వచ్చింది. అక్కడ మెషిన్ వేలిముద్ర తీసుకోవడం లేదు. చేపలు ఒలిచి ఒలిచి ఆ ఇంటావిడ వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. సత్యానందం గారు తడిగుడ్డతో తుడుచుకోమంటున్నాడు. ఆ ఆలస్యానికి సుమతి మనసులో దణ్ణం పెట్టుకుంది.

అసలు ఆమె గడప మీద కూర్చున్నది సర్వే కోసం ఒక్కటే కాదు. ఆమె దగ్గర ఒక మాట ఉంది. ఆ మాట చెబితే ఇల్లు నిలుస్తుంది. చెప్పిన మరుక్షణం ఆ ఇంట్లో ఆమె మొహం ఎవరూ చూడరు. మింగలేక కక్కలేక రాత్రి నుంచి అదే పని.

నిన్న సాయంత్రం రేషన్ కార్డు కోసం వెతుకుతూ గోడకున్న క్యాలెండరు పక్కకి తీసింది. చెయ్యి తగిలి కాగితం తిరగబడితే గంగన్న పోయిన వారం కనబడింది. సోమవారం తెల్లవారుజామున పోయాడు. సోమవారం గడిలో ధనిష్ఠ అనే ఉంది. కానీ ఆదివారం గడి అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ఉన్నది చదివి ఆమె అలాగే నిలబడిపోయింది. శ్రవణం తె. 4.52. అంటే సోమవారం తెల్లవారుజామున ఐదింటికి ఎనిమిది నిమిషాల ముందు వరకూ శ్రవణమే. శ్రవణానికి ఏ దోషమూ లేదు.

సిద్ధాంతి గారికి వదిన చెప్పిన వేళ ఐదున్నర. వదినకి చెప్పింది సుమతే. ఐదున్నరకే ఆమె మావగారి మంచం పక్కన కూలబడి కేక పెట్టింది. ఆ కేకకే తాతమ్మ లేచింది, హర్షిణి లేచింది, గట్టంతా లేచింది.

కానీ ఆయన పోయింది ఐదున్నరకి కాదు.

గట్టుకి ఉన్నది ఒక్క కుళాయి. రోజు విడిచి రోజు, తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఐదుంపావు దాకా నీళ్ళు వస్తాయి. శనివారం రావలసిన నీళ్ళు పైపు పగిలి రాలేదు. ఆదివారం రాత్రికి ఇంట్లో బిందెలన్నీ బోర్లించి ఉన్నాయి. అడుగున మిగిలిన గ్లాసుడు నీళ్ళు హర్షిణి తాగి పడుకుంది. నాలుగుకి పది నిమిషాలుందనగా సుమతి లేచి, బిందెలు తీసుకుంటూ, మావగారి దుప్పటి జారి ఉంటే కప్పబోయింది. పాదం తగిలింది. ఆ చల్లదనం బతికున్న మనిషిది కాదు. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది. గడ్డం పట్టుకుని కదిపింది. కింద చాప మీద అత్త అటు తిరిగి పడుకుని ఉంది. నాగేంద్రబాబు గిలకలదిండి రేవు నుంచి వేటకి వెళ్ళి నాలుగు రోజులైంది.

అప్పుడే కేక పెట్టాలి. పెట్టలేదు. శవం లేచేదాకా ఆ వీధిలో ఎవరూ పొయ్యి రాజెయ్యరు, కుళాయి కింద బిందె పెట్టరు. కొడుకు సముద్రం మీద నుంచి వచ్చేదాకా శవం లేవదు. మళ్ళీ నీళ్ళు బుధవారం. ఆ ఒక్క క్షణంలో ఆమె బుర్రలో మావయ్య లేడు, దేవుడు లేడు, ఖాళీ బిందెలున్నాయి. ఆయనకి స్నానం చేయించడానికి కూడా ఇంట్లో చుక్క లేదు. దుప్పటి మెడ దాకా కప్పి, తలుపు దగ్గరికి వేసి, కుళాయి దగ్గరికి వెళ్ళి వరసలో నిలబడింది. పక్కావిడ ఏదో అడిగితే నవ్వింది కూడా. ఆమె వంతు వచ్చేసరికి ఐదు దాటింది. పదకొండు బిందెలు మోసి, డ్రమ్ము నింపి, చేతులు తుడుచుకుని, అప్పుడు కేక పెట్టింది.

దీపం లేకుండా, తులసినీళ్ళు లేకుండా, గంటన్నరకి పైగా ఆయన అలా ఒంటరిగా పడి ఉన్నాడు. పదిహేడేళ్ళుగా తనని "అమ్మా సుమతీ" అని తప్ప ఇంకోలా పిలవని మనిషి.

కుర్చీ నాలుగో ఇంటికి జరిగింది.

"లే సుమతీ" అన్నాడు నాగేంద్రబాబు. ఆ పూట అతను ఆమెతో అన్న మొదటి మాట అది. "పదకొండున్నర అయింది. అమ్మని ఏడిపించకు."

"సత్యానందం గారు నాలుగిళ్ళ అవతల ఉన్నారు బావా. మీ అమ్మని ఒక్క వేలిముద్ర వెయ్యమను."

"పాడుపెట్టే ఇంటికి వేలిముద్ర వెయ్యను" అంది తాతమ్మ లోపల్నుంచి. "ఉంటున్నాం అని అబద్ధం చెప్పి ఆయన ఆత్మని తిప్పలు పెట్టను."

నాగమల్లేశ్వరి మూట ఒకటి ఎత్తుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. సుమతి కదలలేదు. మూట భుజానికి తగిలినా కదలలేదు. అప్పటికే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఏడెనిమిది మంది పంచ ముందు చేరారు. పరామర్శకి వచ్చినట్టు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు గానీ చెవులన్నీ ఇటే ఉన్నాయి.

"పెద్దావిడ మాటంటే లెక్కలేదా నీకు?" అంది నాగమల్లేశ్వరి. "మా నాన్న పోయిన ఇంట్లో నిలబడి మా అమ్మ మీద పెత్తనం చేస్తావా? ఆయన ఉంటే ఇలా కూర్చోగలిగేదానివా?"

ఆయన ఉంటే. ఆ మాటతో సుమతి లోపల పట్టి ఉంచినదేదో తెగింది. లేచి నిలబడింది. లేస్తుందనుకుని నాగమల్లేశ్వరి మూటతో ముందుకి వచ్చింది గానీ, సుమతి దారి ఇవ్వడానికి లేవలేదు.

"మావయ్య పోయింది ఐదున్నరకి కాదు వదినా" అంది. "నాలుగు లోపే పోయాడు. నాకు తెలుసు."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ఆమె వివరంగా చెప్పింది. పాదం సంగతి, ముక్కు దగ్గర చెయ్యి సంగతి, కుళాయి సంగతి. బిందెలు ఎన్నో కూడా చెప్పింది. క్యాలెండరు తెచ్చి ఆదివారం గడి మీద వేలు పెట్టి చూపించింది.  రెండో చేత్తో తలుపు రెక్క పట్టుకుంది.

నాగమల్లేశ్వరి మూట కింద పెట్టేసింది. ఇదంతా ఇంటి కోసం అల్లిన కథ అంది. నిన్న క్యాలెండరు చూసి అల్లిందని తనే ఒప్పుకుంటోందిగా అంది. ఒకవేళ నిజమే అయితే ఇంకా ఘోరం, కుక్క పోయినా అంతసేపు అలా వదిలెయ్యరు అంది. పంచ ముందు ఆడవాళ్ళలో ఒకావిడ ఛీ అని పక్కకి ఉమ్మింది. ఆ తెల్లవారుజామున సుమతి నోరు విప్పి ఉంటే వాళ్ళ బిందెలు కూడా ఖాళీగానే ఇంటికి పోయేవి. ఆ ముక్క మాత్రం అక్కడ ఎవరికీ గుర్తు రాలేదు.

నాగేంద్రబాబు క్యాలెండరు వైపు చూడలేదు. సుమతినే అడిగాడు.

"దీపం పెట్టావా?"

"లేదు బావా."

"అంతసేపూ మా నాన్న చీకట్లో ఒక్కడే ఉన్నాడా?"

సుమతి తల ఊపింది. కొట్టినా బాగుండేది. అతను కొట్టలేదు, తిట్టలేదు. ముల్లు దిగిన చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని పంచ దిగి, కంప పక్కన అటు తిరిగి నిలబడ్డాడు. ఇల్లు నిలబెట్టుకోవడం కోసం మొగుణ్ణి పోగొట్టుకున్నానా అనుకుంది ఆమె.

కుర్చీ పక్కింటి ముందు పడింది. మెషిన్ కూత పెట్టడం వినబడుతోంది.

అప్పుడు తాతమ్మ లేచింది. మూటల మధ్య నుంచి తోవ చేసుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆవిడ చేతిలో తాళంకప్ప ఉంది. కోడలి మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం కోసం సుమతి వెతికింది. అది ఉంటే తలవంచుకుని పడేది. కనబడలేదు.

తాతమ్మ కోడలిని దాటి పంచ ముందు చేరినవాళ్ళకేసి తిరిగింది.

"నా కోడలు చెప్పేది నిజం కాదు. నాలుగింటికి ఆయన బతికే ఉన్నాడు. ఐదింటికి నన్ను లేపి దాహం అన్నాడు. నేనే లేచి గ్లాసుతో నీళ్ళు పట్టాను. తాగి పడుకున్నాడు. ఆ తర్వాతే పోయాడు." ఆవిడ ఊపిరి తీసుకుంది. "శవాన్ని వదిలేసి నీళ్ళకి పోయే మనిషి కాదు ఇది. ఆయన మంచాన పడ్డ ఏడాదీ ఎత్తిపోసింది ఇదే. ఇల్లు పోతుందన్న బెంగతో ఏదేదో మాట్లాడుతోంది. ఎవరూ మనసులో పెట్టుకోకండి."

ఆడవాళ్ళు అదీ సంగతి అన్నట్టు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. ఉమ్మినావిడ సర్దుకుని, పాపం పిల్ల భయపడిపోయింది అంది. నాగమల్లేశ్వరి కొంగుతో మొహం తుడుచుకుంది. నాగేంద్రబాబు ఇటు తిరిగాడు. అతని మొహం మీద పట్టుకున్నదేదో సడలింది. పొద్దుటి నుంచీ మొదటిసారి పెళ్ళాం కళ్ళలోకి చూశాడు. నిజమేనా, అమ్మ చెప్పిందే నిజమా అని ఆ కళ్ళు అడుగుతున్నాయి. అవునంటే చాలు అని బతిమాలుతున్నాయి కూడా.

సుమతి అవునంటే సరిపోతుంది. అసలు ఏమీ అనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. మొగుడు దక్కుతాడు. గట్టు మీద తలెత్తుకు తిరుగుతుంది. అత్త ఎందుకిలా చెప్పిందో కూడా ఆమెకి తెలిసింది. కోడలి పరువు కోసం నలుగురిలో నిలబడి, మొగుడి చావు మీద అబద్ధమాడింది. ఏళ్ళ తరబడి గంప మోసి కట్టుకున్న ఇంటిని ఆ అబద్ధం కింద వదిలేసింది. సుమతికి ఏడుపు వచ్చింది. ఈవిడ కాళ్ళ మీద పడాలనిపించింది.

"తాతమ్మ గారి ఇల్లు ఇదేనాండీ?"

ఎర్ర కుర్చీ వాళ్ళ గుమ్మం ముందు పడింది. సత్యానందం గారు చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. మూటలు చూశాడు, తాళంకప్ప చూశాడు, కంప చూశాడు. బందరులో పుట్టినవాడే, ఆయనకి అర్థమైనట్టే ఉంది. అయినా అడగవలసింది అడిగాడు.

"ఉంటున్నారాండీ, ఖాళీ చేస్తున్నారా? రెంటిలో ఏదో ఒకటి నొక్కాలండీ నేను. మళ్ళీ ఈ వీధికి వచ్చేది మూడు నెలలకి."

వీధి చివర ఆటో మళ్ళీ హారన్ కొట్టింది. పక్కింటి గడియారంలో పన్నెండు కావడానికి ఐదు నిమిషాలుంది. తాతమ్మ తాళంకప్ప నోరు తెరిచి గొళ్ళెం దగ్గరికి చెయ్యి చాపింది.

సుమతి లోపలికి చూసింది. మూల బోర్లించిన బిందెలు వరసగా ఉన్నాయి. అందులో మూడింటి నీళ్ళు ఆ రోజు మావయ్య ఒంటి మీద పోశారు. ఆమె మొగుడి వైపు చూడలేదు. చూస్తే అడగలేనని ఆమెకి తెలుసు.

"అత్తా" అంది మెల్లగా. "ఐదింటికి ఇంట్లో నీళ్ళెక్కడివి?"

తాతమ్మ చెయ్యి గొళ్ళెం మీదే ఆగిపోయింది.